నా రక్తం చిక్కనా కాదు, పలచనా కాదు

ఒకే రక్తం గురించి రెండేళ్ళ తేడాలో నాకు రెండు ఆస్పత్రుల్లో రెండు మాటలు చెప్పారు. మొదటి చోట "మీ బ్లడ్ బాగా పలచగా ఉందమ్మా, గడ్డ కట్టడానికి టైమ్ తీసుకుంటోంది" అన్నారు. రెండో చోట "మీ బ్లడ్ చిక్కగా ఉంది, అందుకే కాల్లో క్లాట్ వచ్చింది" అన్నారు. మధ్యలో నేను మారలేదు, నా తిండి మారలేదు, విశాఖ ఎంవీపీ కాలనీలో ఇల్లు కూడా మారలేదు. మరి రక్తం ఎలా మారింది? మారలేదు. రెండు మాటలూ తప్పే, ఆ రెండు మాటల మధ్య నా కాలు పోయినంత పనయింది, అందుకే ఇదంతా రాస్తున్నా.

జరిగింది ఇది. మొదటి ప్రెగ్నెన్సీ పదకొండో వారంలో స్కాన్‌లో గుండె చప్పుడు లేదన్నారు, డీఎన్‌సీ చెయ్యాలి అన్నారు, దానికి ముందు మామూలుగా తీసే బ్లడ్ టెస్టుల్లో రక్తం గడ్డ కట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే ఏపీటీటీ అనేది 61 సెకన్లు వచ్చింది, అది ముప్పై చిల్లర సెకన్లలో అయిపోవాలిట. అక్కడ హడావిడి మొదలైంది, ఎవరో డోనర్‌ల ప్లాస్మా, అంటే కణాలు తీసేసిన రక్తద్రవం, రెండు బ్యాగులు ఎక్కించారు, పని కానిచ్చారు, డిశ్చార్జ్ చేసేటప్పుడు "రక్తం పలచన, ముందుముందు ఏ ఆపరేషన్ అయినా డాక్టర్‌కి చెప్పండి" అని చెప్పి పంపేశారు. ఎందుకు పలచన అని వాళ్ళు వెతకలేదు, మేమూ అడగలేదు. మా అమ్మ శ్రీకాకుళం నుంచి దిగి "గుంటకి రక్తం లేదు, నీళ్ళే ఉన్నాయి" అని బీట్‌రూట్ రసాలూ దానిమ్మకాయలూ మొదలెట్టింది.

రెండేళ్ళకి రెండోసారి, ఈసారి అయిదో నెల దగ్గర. అది పోయిన పది రోజులకి ఎడమ కాలు పిక్క దగ్గర పట్టేసినట్టు నొప్పి, సాయంత్రానికి వాపు, మర్నాటికి తొడ దాకా. మా ఆయన "క్లాట్ ఏమో" అన్నారు, ఆయన ఎక్కడో చదివారు. నేనేమన్నానో తెలుసా, "నాది పలచటి రక్తం కదండీ, గడ్డ ఎలా కడుతుంది" అని నవ్వేశాను. మూడు రోజులు. వేడినీళ్ళ కాపడం పెట్టుకుంటూ మూడు రోజులు ఇంట్లో కూచున్నాను ఆ ఒక్క మాట నమ్మి. నాలుగో రోజు డాప్లర్ స్కాన్‌లో తొడ సిర నిండా గడ్డ, అది ఊపిరితిత్తులకి ఎక్కకపోవడం నా అదృష్టం. అక్కడ చెప్పారు నాది చిక్కటి రక్తం అని.

ఆ తర్వాత ఒక రుమటాలజిస్ట్, అంటే కీళ్ళ జబ్బుల డాక్టర్, దగ్గర దీనికి అసలు పేరు తెలిసింది, యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్, ఏపీఎస్. లండన్‌లో గ్రాహమ్ హ్యూస్ అనే డాక్టర్ 1983లో దీన్ని ఒక జబ్బుగా గుర్తించి రాశారు కాబట్టి హ్యూస్ సిండ్రోమ్ అని కూడా అంటారు. సిరల్లోనో ధమనుల్లోనో గడ్డలు, పదేపదే గర్భాలు పోవడం, మన రక్షణ వ్యవస్థే పొరపాటున మన ఒంటి మీదకి తయారుచేసే కొన్ని యాంటీబాడీలు రక్తంలో ఉండటం, ఇవీ లక్షణాలు.

అసలు మనం రక్తాన్ని బెల్లం పాకంలా ఊహించుకుంటాం, అదీ గొడవ. పాకం మరిగేకొద్దీ చిక్కబడి చివరికి గడ్డ అవుతుంది, రక్తమూ అంతే అనుకుంటాం. రక్తం పాకం కాదు, పాలు. పాలు ఎంత చిక్కగా ఉన్నా తోడు పడకపోతే తోడుకోవు, నీళ్ళపాలైనా తోడేస్తే తోడుకుంటాయి. రక్తంలో ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్ కరిగి తిరుగుతూ ఉంటుంది, త్రాంబిన్ అనేది వచ్చి దాన్ని కోస్తే ఫైబ్రిన్ దారాలై వలలా అల్లుకుంటుంది, ఆ వలే గడ్డ. మరి ప్రతి క్షణం అలా అవకుండా త్రాంబిన్‌ని తయారుచేసే ఫ్యాక్టర్లు అనే ప్రోటీన్లన్నీ ఉత్త చేతులతో తిరుగుతుంటాయి, దెబ్బ తగిలిన చోట వాటికి కూచోడానికి చోటు దొరికితేనే పని మొదలెడతాయి. ఆ చోటు ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు పొర, ప్లేట్‌లెట్‌లు రెచ్చిపోయినప్పుడు లోపలి పొరని పైకి తిప్పి ఆ చోటు చూపిస్తాయి. నిజంగా చిక్కటి రక్తం ఉండే జబ్బు వేరే ఉంది, ఎర్రకణాలు మరీ ఎక్కువైపోయే జబ్బు, నాకున్నది అది కాదు.

చోటు అన్నాను కదా, కథంతా ఆ చోటు దగ్గరే ఉంది. మా అత్తయ్యకి నేను చెప్పింది ఇలా. సంక్రాంతి ముందు మన ఆర్టీసీ కాంప్లెక్స్‌లో పాలకొండ బస్సు ప్లాట్‌ఫామ్ మీదకి వస్తుంటుంది, ఇంకా ఆగకముందే కిటికీల్లోంచి కర్చీఫులు, టవల్‌లు, ఒకాయన ఏకంగా పిల్లాణ్ణే లోపలికి వేసేస్తారు సీటు కోసం. నిజంగా ఎక్కాల్సినవాళ్ళు ఎక్కేసరికి సీట్లన్నీ కర్చీఫులే. బస్సు కదలడం ఆలస్యం. ల్యాబ్‌లో టెస్ట్ ట్యూబ్ ఒక్క బస్సు ఉన్న కాంప్లెక్స్ అనుకోండి, అందులో ఫాస్ఫోలిపిడ్ కొలిచి కొంచెమే వేస్తారు. నా రక్తంలో ఉన్న యాంటీబాడీలు వెళ్ళి ఆ సీట్లమీద కర్చీఫ్ వేసేస్తాయి, క్లాటింగ్ ఫ్యాక్టర్లకి కూచునే చోటు లేదు, అందుకే 61 సెకన్లు. పలచనై కాదు.

ఇప్పుడు ల్యాబ్‌వాళ్ళు అదే ట్యూబ్‌లో ఇంకో పది బస్సులు పెడితే, అంటే ఫాస్ఫోలిపిడ్ ఎక్కువ పోస్తే, కర్చీఫులు చాలవు, అందరికీ సీట్లు దొరుకుతాయి, టైమ్ మామూలుకి వచ్చేస్తుంది. అలా వచ్చిందంటే ఇది కర్చీఫుల పనే అని రుజువు. దానికి ముందు ఇంకా తేలికైన టెస్ట్ ఒకటుంది, నా ప్లాస్మాలో సగానికి సగం మామూలు మనిషి ప్లాస్మా కలిపి మళ్ళీ చూడటం, ఏదైనా ఫ్యాక్టర్ తక్కువై ఆలస్యం అవుతుంటే కలపగానే సరైపోతుంది, అడ్డుపడేది ఉంటే సరవదు. మిక్సింగ్ టెస్ట్ అంటారు. ఆ మొదటి ఆస్పత్రిలో ఈ ఒక్కటి చేసుంటే కథ వేరేగా ఉండేది. ప్లాస్మా బ్యాగులు తెప్పించడానికి టైమ్ దొరికింది గానీ దీనికి దొరకలేదు.

మరి ఒంట్లో? ఒంట్లో బస్సులకి కొదవ లేదు, రక్తనాళాల లోపలి గోడ అంతా పొరే, ప్లేట్‌లెట్‌లు లక్షల్లో. అక్కడ కర్చీఫులు ఎవర్నీ ఆపలేవు, పైగా ఆ కర్చీఫ్ వేసినవాళ్ళే గొడవలు మొదలెట్టి జనాన్ని పోగేస్తారు. ట్యూబ్‌లో ఆలస్యం, సిరలో గడ్డ, రెండూ ఒకే యాంటీబాడీ చేసే పనులు.

ఇక ఆ యాంటీబాడీ దేన్ని పట్టుకుంటుందీ అన్నది నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం, కొంచెం ఓపిక పట్టండి. పేరులో ఫాస్ఫోలిపిడ్ ఉంది కదా, ఫాస్ఫోలిపిడ్‌నే పట్టుకుంటుందని చాలాకాలం అందరూ అలాగే అనుకున్నారు. 1990లో ఆస్ట్రేలియా, నెదర్లాండ్స్, జపాన్‌లలో మూడు బృందాలు ఎవరికి వారే ఒక వింత చూశాయి. పేషెంట్ యాంటీబాడీని బాగా శుద్ధిచేసి కార్డియోలిపిన్ అనే ఫాస్ఫోలిపిడ్ మీద వేస్తే అంటుకోవట్లేదు, కొంచెం సీరమ్, అంటే రక్తం గడ్డ కట్టాక పైన తేలే నీరు, కలపగానే అంటుకుంటోంది. అంటే సీరమ్‌లో ఇంకెవరో ఉన్నారు. ఆ ఎవరో బీటా-2 గ్లైకోప్రోటీన్-1, మన లివర్ తయారుచేసి రక్తంలో వదిలే ప్రోటీన్, ప్రతి మిల్లీలీటర్‌లో ఇంచుమించు 200 మైక్రోగ్రాములు, అంటే బోలెడు. నాకే కాదు, ఇది చదువుతున్న మీకూ ఉంది, ఏ హానీ చెయ్యదు. 326 అమైనో ఆమ్లాల గొలుసు, అయిదు పూసలు గుచ్చినట్టు అయిదు భాగాలు. రక్తంలో తిరిగేటప్పుడు మొదటి పూస వెళ్ళి అయిదో పూసని ముట్టుకుని గుండ్రంగా ఉంగరంలా ముడుచుకుని ఉంటుంది. అయిదో పూసకి కొవ్వు పొర తగిలిందంటే దానికి అతుక్కుని ఉంగరం విచ్చుకుంటుంది, ఫిషింగ్ హార్బర్‌లో గాలం చూసుంటారు కదా, ఆ ఆకారంలోకి. అప్పటిదాకా దాక్కుని ఉన్న మొదటి పూస మీద చోటొకటి బయటపడుతుంది, ప్రమాదకరమైన యాంటీబాడీలు ఎక్కువగా పట్టుకునేది సరిగ్గా ఆ చోటునే.

ఇంకోటి, యాంటీబాడీకి రెండు చేతులు. ఒక చేత్తో పట్టు బలహీనం, రక్తంలో ఒంటరిగా తిరిగే ప్రోటీన్ దొరికినా జారిపోతుంది. పొర మీద పక్కపక్కన అతుక్కున్న రెండు దొరికితే రెండు చేతులా పట్టేసి ఇక వదలదు. అలా జతకట్టిన చోట రక్తనాళం గోడలోని కణాలు, మోనోసైట్‌లు అనే తెల్లకణాలు రెచ్చిపోయి టిష్యూ ఫ్యాక్టర్‌ని బయటపెడతాయి, అదే తోడు. ప్లేట్‌లెట్‌లు ఉలిక్కిపడతాయి, కాంప్లిమెంట్ అనే ఇంకో రక్షణ దళం కూడా దిగుతుంది. త్రాంబిన్‌గా మారే ప్రోత్రాంబిన్‌ని పట్టుకునే యాంటీబాడీలూ కొంతమందిలో ఉంటాయి. ఐతే యాంటీబాడీ ఉన్నంత మాత్రాన గడ్డ రావాలని లేదు, ఉండి కూడా జీవితాంతం ఏమీ కానివాళ్ళు ఉన్నారు. గర్భం, ఆపరేషన్, ఇన్‌ఫెక్షన్, పొగ తాగడం, ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు, ఇలాంటి రెండో దెబ్బ ఏదో పడాలి. నాకు పడింది.

ఇప్పుడు చెప్పండి, ఇందులో చిక్కదనం ఎక్కడుంది?

ఇక్కడ మన ఊరి సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. నా రిపోర్ట్‌లో డీఆర్‌వీవీటీ అని ఒక లైన్ ఉంది, అంటే డైల్యూట్ రసెల్స్ వైపర్ వెనమ్ టైమ్. రసెల్స్ వైపర్ అంటే రక్తపింజర, మా అమ్మావాళ్ళ వైపు పొడపాము అంటారు. నా ప్లాస్మాలో పాము విషం బాగా పలచగా కలిపి చూశారన్నమాట. ఆ రసెల్ ఎవరయ్యా అంటే ప్యాట్రిక్ రసెల్ అనే స్కాట్లండ్ డాక్టర్, 1781లో తమ్ముడు క్లాడ్ రసెల్‌తో కలిసి విశాఖపట్నం వచ్చాడు, తమ్ముడికి ఇక్కడ ఈస్టిండియా కంపెనీ కొలువు. అన్నగారు ఊరికే కూచోకుండా మన తీరంలో పాముల్నీ చేపల్నీ పోగేశాడు, విషం కోళ్ళమీదా కుక్కలమీదా పరీక్షించాడు, 1796లో పాముల మీద పెద్ద పుస్తకం వేశాడు. అందులో ఈ పాముకి రాసుకున్న పేరు మన తెలుగే, కాటుక రేకుల పొడ. ఎంత బాగుందో చూడండి, ఒంటిమీద మచ్చలకి నల్లటి కాటుక అంచు ఉంటుంది కదా. 1803లో వచ్చిన విశాఖ చేపల పుస్తకంలోనూ కోనాం, వంజరం లాంటి పేర్లే పెట్టాడు, ఇవాళ్టికీ మార్కెట్‌కి వెళ్తే ఆ పేర్లే పిలుస్తాం. ఊళ్ళో ఎంతమందికి తెలుసు ఇది? రిపోర్ట్ చూసి గూగుల్ చేసేదాకా నాకూ తెలీదు.

ఆ విషం క్లాటింగ్‌లో పదో ఫ్యాక్టర్‌ని సూటిగా తట్టి లేపుతుంది, ముందున్న మెట్లేవీ అక్కర్లేదు. అందుకే 1934లో మాక్‌ఫార్లేన్ అనే ఆయన లండన్‌లో హీమోఫీలియా ఉన్నవాళ్ళకి రక్తం ఆపడానికి దీన్ని పైపూతగా వాడి చూశాడు. 1986 నుంచి నాలాంటివాళ్ళ యాంటీబాడీ పట్టుకోవడానికి వాడుతున్నారు, విషంతో లేపినా ఫాస్ఫోలిపిడ్ తక్కువగా ఉంచితే ఆ కర్చీఫులు బయటపడిపోతాయి కాబట్టి. తమాషా ఏంటంటే, ఈ విషాన్ని మామూలు ప్లాస్మాలో ఒక చుక్క వేస్తే ట్యూబ్‌లో క్షణాల్లో గడ్డ కడుతుంది, అదే పాము మనిషిని కరిస్తే చిగుళ్ళలోంచి రక్తం కారుతుంది, గడ్డకట్టే సరుకంతా లోపల్లోపలే ఖర్చైపోయి. ట్యూబ్‌లో గడ్డ, ఒంట్లో కారడం. నాది సరిగ్గా తిరగేసి, ట్యూబ్‌లో ఆలస్యం, ఒంట్లో గడ్డ. పాము కరిచినవాణ్ణి చిక్కటి రక్తం అంటామా పలచటి రక్తం అంటామా?

పేర్ల సంగతికొస్తే వైద్యం కూడా తక్కువేం తినలేదు. రిపోర్ట్‌లో నా యాంటీబాడీ పేరు లూపస్ యాంటీకోయాగ్యులెంట్. 1952లో లూపస్ అనే ఇంకో జబ్బు ఉన్న పేషెంట్లలో చూశారు కాబట్టి ఆ లూపస్ అంటుకుంది, ఇది ఉన్నవాళ్ళలో చాలామందికి లూపస్ ఉండదు. యాంటీకోయాగ్యులెంట్ అంటే గడ్డ కట్టనివ్వనిది, అది ట్యూబ్‌లో మాత్రమే. రెండు మాటల పేరు, రెండూ తప్పు. జబ్బు పేరేమో ఫాస్ఫోలిపిడ్ అంటుంది, పట్టుకునేదేమో ప్రోటీన్‌ని. ఇంకా ఘోరం వీడీఆర్‌ఎల్, సిఫిలిస్ కోసం గర్భిణులందరికీ చేసే టెస్ట్. ఆ టెస్ట్ మందులో కార్డియోలిపిన్ ఉంటుంది, అందుకని ఏపీఎస్ ఉన్నవాళ్ళకి కొందరికి ఏ పాపం తెలీకుండా సిఫిలిస్ పాజిటివ్ అని వస్తుంది. టీపీహెచ్‌ఏ అనే వేరే టెస్ట్ చేస్తే తేలిపోతుంది, కానీ ఆ తేలేలోపు ఒక కొత్త కోడలి మీద ఆ ఇంట్లో ఎన్ని చూపులు పడతాయో ఊహించుకోండి. నాకు నెగటివే వచ్చింది, ఐనా తల్చుకుంటే ఒళ్ళు మండుతుంది.

"ఇవన్నీ పేషెంట్లకి చెప్తే అర్థమవుతాయా, చిక్కన పలచన అంటే సులువు కదా" అని మా మావయ్య వాదన, ఆయన రిటైర్డ్ హెడ్మాస్టర్, వాదిస్తే ఆపరు. సులువే. ఆ సులువుకే నేను మూడు రోజులు కాపడం పెట్టుకున్నాను. ఇంగ్లండ్‌లో పేషెంట్లకి దీన్ని జిగురు రక్తం అని చెప్తారుట, అది కొంత నయం, అంటుకోవడం అన్న సంగతైనా అందులో ఉంది. చిక్కన అన్నారంటే మాత్రం మన బుర్ర వెంటనే ఇంకో మెట్టు ఎక్కేస్తుంది, చిక్కనైతే నీళ్ళు ఎక్కువ తాగితే పలచబడుతుంది, వెల్లుల్లి తింటే పలచబడుతుంది, కాబట్టి ఇక మాత్ర ఎందుకు. నాకు చుట్టాల్లోనే నలుగురు ఈ సలహా ఇచ్చారు, అందులో ఒకరు ఫార్మసీ చదివినావిడ.

మాత్ర పనీ పలచబరచడం కాదు. నేను వేసుకునేది అసెనోకౌమరాల్, వార్ఫరిన్‌కి చెల్లెలు లాంటిది. విటమిన్ కే సాయంతో లివర్ రెండు, ఏడు, తొమ్మిది, పది నంబర్ల ఫ్యాక్టర్లకి చివర్లో ఒక మెరుగు పెడుతుంది, ఆ మెరుగుంటేనే అవి కాల్షియం పట్టుకుని పొర మీద కూచోగలవు. మాత్ర ఆ మెరుగుని తగ్గిస్తుంది, అంటే ప్రయాణికులు ఉంటారు, చేతిలో టికెట్ ఉండదు. గడ్డ కట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే ఐఎన్‌ఆర్ అనే లెక్క రెండుకీ మూడుకీ మధ్య ఉండాలి. ఆషాఢంలో మా అత్తయ్య మంచిదని వరసగా వారం రోజులు మునగాకు పప్పు, మునగాకు పొడి, మునగాకు అట్టు పెట్టారు, 2.6 ఉన్నది 1.7కి పడిపోయింది, మునగాకు నిండా విటమిన్ కే. ఆకుకూర మానెయ్యక్కర్లేదు, ఎంత తింటున్నామో వారానికి వారం అంతే తినాలి, ఇప్పుడు అత్తయ్యే రైతు బజార్ నుంచి తోటకూర కట్టలు లెక్కపెట్టి తెస్తున్నారు. వార్ఫరిన్ మొదట ఎలకల మందు అని తెలిసిన రోజు ఆవిడ "పాము విషంతో టెస్టు, ఎలకల మందుతో వైద్యం, ఇదేం జబ్బమ్మా" అన్నారు.

ఈ ఐఎన్‌ఆర్ గోల లేని కొత్త మాత్రలున్నాయి కదా అని అడుగుతారు, మావయ్యకి కాలి గడ్డకి రివరాక్సబాన్ ఇచ్చారు, హాయిగా ఉన్నారు. నాలాగ ఏపీఎస్ కోసం చేసే మూడు యాంటీబాడీ టెస్టులూ పాజిటివ్ ఉన్నవాళ్ళకి అది కాదు. ఇటలీలో అలాంటి 120 మంది మీద వార్ఫరిన్‌తో పోల్చి చూశారు, 2018లో ఫలితాలొచ్చాయి, ట్రయల్‌ని మధ్యలోనే ఆపేయాల్సొచ్చింది. రివరాక్సబాన్ తీసుకున్న 59 మందిలో ఏడుగురికి స్ట్రోకో గుండెపోటో వచ్చింది, వార్ఫరిన్ వైపు 61 మందిలో ఒక్కరికీ రాలేదు. రెండూ రక్తం పలచబడే మందులే అయితే ఈ తేడా ఎందుకొస్తుంది? మందు షాపులో "మేడమ్ ఇదీ థిన్నరే, ఇది తీసుకోండి" అంటే ఆగి ఆలోచించాల్సింది అందుకే.

గర్భాల సంగతి ఇంకా వింత. మాయలో గడ్డలు కట్టి బిడ్డకి రక్తం అందక పోతుందని అనుకునేవాళ్ళు, కొంత అదీ ఉంది, కానీ మాయ కణాల మీద ఆ గాలం ప్రోటీన్ నేరుగా అతుక్కుంటుంది, యాంటీబాడీ అక్కడికే వచ్చి కాంప్లిమెంట్‌ని పిలుస్తుంది. 2004లో ఎలకల మీద చేసిన ప్రయోగంలో హెపారిన్ అనే గడ్డ కట్టనివ్వని మందు ఇస్తే పిల్లలు బతికాయి, గడ్డల్ని ఆపగల వేరే మందులు ఇస్తే బతకలేదు, హెపారిన్ కాంప్లిమెంట్‌ని కూడా ఆపుతుంది, మిగతావి ఆపవు. మూడోసారి నాకు ప్రెగ్నెన్సీ తెలిసిన రోజే అసెనోకౌమరాల్ ఆపించేశారు, అది మాయ దాటి బిడ్డకి చేరుతుంది, హెపారిన్ చేరదు. ఆస్పిరిన్ రోజుకొకటి, హెపారిన్‌లోనే ఒక రకమైన ఎనాక్సపారిన్ పొట్టలో రోజుకి రెండు పోట్లు, తొమ్మిది నెలలు. పొట్టంతా నీలం మచ్చలు. మా పాపకి ఇప్పుడు నాలుగేళ్ళు, చెప్పిన మాట వినదు.

ఒకవేళ మీ ఇంట్లో ఎవరికైనా పదేపదే గర్భం పోతుంటేనో, చిన్న వయసులో గడ్డో స్ట్రోకో వస్తేనో, ఆ మూడు టెస్టుల గురించి డాక్టర్‌ని అడగండి, లూపస్ యాంటీకోయాగ్యులెంట్, యాంటీకార్డియోలిపిన్, యాంటీ బీటా-2 గ్లైకోప్రోటీన్. ఒకసారి వస్తే చాలదు, ఇన్‌ఫెక్షన్‌లలో కొన్నాళ్ళు వచ్చి పోయేవీ ఉంటాయి, కనీసం 12 వారాలు ఆగి మళ్ళీ చెయ్యాలి. గడ్డకట్టకుండా మందులు వాడుతుంటే లూపస్ యాంటీకోయాగ్యులెంట్ టెస్ట్ తప్పుదారి పట్టించొచ్చు, ల్యాబ్‌లో ఆ సంగతి ముందే చెప్పాలి.

పోయిన నెల నేను పర్సులో పెట్టుకోడానికి ఒక కార్డు చేయించాను, స్పృహ తప్పినా ఎవరైనా చదివేట్టు. "ఈమెకి ఏపీఎస్ ఉంది. ఏపీటీటీ ఎక్కువ వస్తుంది, అది రక్తస్రావానికి గుర్తు కాదు, గడ్డలు కట్టే జబ్బుకి గుర్తు. గడ్డ కట్టకుండా అసెనోకౌమరాల్ వాడుతోంది" అని కాగితం మీద రాసి జగదాంబ దగ్గర జిరాక్స్ షాపులో ఇచ్చాను. కుర్రాడు చకచకా టైప్ చేసి, ల్యామినేషన్ కూడా చేసేసి చేతిలో పెట్టాడు. చివరి లైన్ చూస్తే "రక్తం పలచబడుటకు అసెనోకౌమరాల్ వాడుతోంది" అని ఉంది. అదేంటి బాబూ నేను అలా రాయలేదు కదా అంటే, "ఒకటే కదా మేడమ్, మా తాతగారూ అవే వాడతారు, ఇలా రాస్తేనే అందరికీ తెలుస్తాది" అన్నాడు. ఇంకో 30 రూపాయలిచ్చి మళ్ళీ కొట్టించాను. వెనకాల లైన్లో ఉన్నవాళ్ళు గొణుక్కుంటున్నారు.